ఇంటి కారు: ఉప్పుగాలి సంగతి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మా అల్లూరునుంచే వచ్చింది. నాలుగు వీధుల అవతల వుండే పెద్దమనిషి, గుమ్మంలో నిలబడి కేకేస్తే పలికే నన్ను వదిలిపెట్టి పత్రికకు వ్రాయడమేమిటా అనుకున్నాను. చదివితే బోధపడింది. ఆయనకు కావలసింది నా సలహా కాదు. అమెరికాలో వున్న కుమారుడికి చూపించడానికి అచ్చులో ఒక తీర్పు కావాలిట!

సంగతి ఇదీ. పద్నాలుగేళ్ళ క్రితం ఆ అబ్బాయి తల్లిదండ్రుల కోసం ఒక చిన్న కారు కొనిచ్చి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో అది తిరిగింది ముప్ఫైవేల కిలోమీటర్లు కూడా లేదు. నెలకొకసారి నెల్లూరు ఆస్పత్రికి, ఏడాదికొకసారి తిరుపతికి. మిగతా కాలమంతా దొడ్లో వేపచెట్టు కింద ముసుగు తన్ని నిద్రపోతుంది. ఇప్పుడు కుమారుడు, "పాతబడింది, అమ్మెయ్యండి. అమ్మడం ఇష్టం లేకపోతే టచ్ స్క్రీనూ, వెనక కెమేరా, అల్లాయ్ చక్రాలూ పెట్టించండి, డబ్బు పంపిస్తాను" అంటున్నాడు. "ఇంత తక్కువ తిరిగిన బండికి రోగమేముంటుంది? అమ్మాలా, సింగారించాలా?" అని పెద్దమనిషి ప్రశ్న.

రెండూ తర్వాత మాట. ముందు బండి అడుగున ఏముందో చూడాలి.

తిరిగిన కిలోమీటర్లనుబట్టి బండి వయస్సు కట్టడం హైదరాబాదులో చెల్లుతుందేమో గాని, మన తీరాన చెల్లదు. ఇటు ఇస్కపల్లి ఉప్పు కొటార్లు. అటు రొయ్యల గుంటలు. వాటి మీదుగా సాయంత్రమయ్యేసరికి సముద్రపు గాలి. ఆ గాలిని మనం హాయిగా పీల్చుకుంటాం. కారు కూడా పీల్చుకుంటుంది, దానికి మాత్రం హాయి కాదు. వానాకాలంలో వంటింటి జాడీలో ఉప్పు నీరు కారడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని కరిగిపోతుంది. కారు అడుగున పేరుకున్న ఉప్పు చేసే పనీ అదే. వాన పడకపోయినా, ఎవరూ చెంబెడు నీళ్ళు పొయ్యకపోయినా, రాత్రిళ్ళు రేకును తడిగా వుంచుతుంది. ఇనుమూ నీరూ గాలీ కలిస్తే తుప్పు ఎలాగూ పడుతుంది. ఉప్పునీరైతే ఆ పని ఎన్నో రెట్లు జోరుగా సాగుతుంది. రోజూ తిరిగే బండికి వేడి తగిలి, గాలి తగిలి కొంత ఆరుతుంది. నిలబడ్డ బండికి ఆ భాగ్యం కూడా లేదు.

దీనికి తోడు మనం చేసే అపచారం ఒకటుంది. కారును శుభ్రంగా బోరు నీళ్ళతో కడుగుతాం! తీరపు గ్రామాల్లో చాలా బోర్లు ఉప్పన. మీ నీటి సంగతి తెలుసుకోవాలంటే నల్ల రేకు మీద గరిటెడు నీళ్ళు పోసి ఎండలో ఆరబెట్టండి. తెల్లగా మచ్చ కడితే ఆ నీరు కారుకు పనికిరాదు. ఇంకా కొందరు మంచినీళ్ళ ప్లాంటు దగ్గర వృథాగా పోయే నీటిని పొదుపు కొద్దీ బిందెల్లో పట్టి తెచ్చి బండి కడుగుతున్నారు. ఆ యంత్రం నీటిలోని ఉప్పునంతా పక్కకు తోసి ఆ గొట్టంలోకే వదిలిపెడుతుందండీ. అది అసలు బోరు నీటికన్నా ఉప్పన. కడగడానికి తియ్యటి కుళాయి నీరో, పెన్న కాలువ నీరో వాడండి. అంత దొరక్కపోతే చివరి రెండు బక్కెట్లయినా మంచినీరు పొయ్యండి. పైన తళతళలాడించడం కన్నా గొట్టం కిందికి పెట్టి చక్రాల పైగూళ్ళూ, అడుగుభాగమూ కడగడం ముఖ్యం. పదిహేను రోజులకొకసారి చాలు. కడిగిన తర్వాత ఎండలో నిలబెట్టండి. తడిబండికి ముసుగు వెయ్యకండి.

ఉత్తరానికి జవాబు ఉత్తరంలోనే వ్రాయడమెందుకని ఆదివారం పొద్దున్నే షెడ్డు మేస్త్రీని వెంటబెట్టుకుని వాళ్ళింటికే వెళ్ళాను. పైకి చూస్తే బండి పెళ్ళికూతురల్లే వుంది. అద్దంలో మొహం చూసుకోవచ్చు. మేస్త్రీ మాత్రం పైన చూడలేదు. లోపలి తివాచీ ఎత్తి చెయ్యి పెట్టాడు: చెమ్మ. ముందు అద్దం కింది జాలీలో వేపాకు కుళ్ళి మట్టయిపోయి, వాననీరు బయటికిపోయే దారి మూసుకుపోయింది. ఆ నీరు తిన్నగా లోపలికి దిగుతున్నది. తలుపుల అడుగు అంచున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, చాలామంది చూసి వుండరు. అద్దం పక్కనుంచి తలుపులోకి జారిన వాననీరు పోవడానికే అవి. నాలుగు తలుపులకూ అవి పూడిపోయి వున్నాయి. కొబ్బరి ఈనె పెట్టి పొడిస్తే ఒక తలుపులోనుంచి ఎర్రటి నీళ్ళు కారాయి. ఇంత పనికి పైసా ఖర్చు లేదు. ఒక ఈనె, పది నిమిషాలు. వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి చేసుకోండి.

తర్వాత బండిని జాకీతో లేపి, కింద ఇనుప స్టాండ్లు నిలబెట్టాడు. (జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కింద తల పెట్టడం ప్రాణాలతో చెలగాటం. ఇటుకలు పేర్చడమూ అంతే.) టార్చిలైటు వేసి చూస్తూ చూస్తూ వెనక చక్రాల దగ్గర ఆగిపోయాడు. బ్రేకు ఆయిలు వెళ్ళే సన్నటి ఇనుప గొట్టం ఒకచోట తుప్పుతో ఉబ్బి, పొట్టు రేగి వుంది. గోటితో గీకాడు. వేలికి తడి తగిలింది.

"సార్, ఇది పోయే కాలానికి వచ్చుండాది. నెల్లూరు పొయ్యే దోవలో పగిలుంటే పెద్దాయన గతేంది?" అన్నాడు.

పెద్దమ్మ గుమ్మంలోనుంచి, "అదేంది నాయనా, డ్రైవరబ్బాయి నెలనెలా పాలీషు పెడతానే వుండాడే!" అన్నది పాపం.

ఇప్పటి కార్లలో బ్రేకు ఆయిలు రెండు వేరు వేరు మార్గాల్లో పోతుంది. ఒకటి పగిలినా రెండోది పట్టుకుంటుంది. కాని పెడలు ఒక్కసారి లోతుకు దిగిపోతుంది. బండి ఆగడానికి ఎప్పటికన్నా ఎంతో ఎక్కువ దూరం పడుతుంది. అర్ధరాత్రి గుండెనొప్పితో వున్న మనిషిని వెనక సీటులో పడుకోబెట్టి 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం పరుగెత్తించే బండికి ఇది సంభవిస్తే ఎలా వుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే గొట్టం మారేదాకా బండి గేటు దాటకూడదని చెప్పి వచ్చాను. తుప్పు పట్టిన ముక్క కోసి అతుకు పెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మొత్తం గొట్టం కొత్తది వెయ్యాలి. ఒక పక్క పోయిందంటే రెండో పక్కదీ అదే వయస్సులో వుంటుంది గనుక రెండూ మార్చడం మేలు. ఆయిలు కూడా మార్చించండి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే జాతి. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, గొట్టాలను లోపలినుంచి కూడా తింటుంది. బండి తిరిగినా తిరక్కపోయినా రెండేళ్ళకొకసారి మార్చాలి. ఈ బండికి పద్నాలుగేళ్ళలో ఎన్నిసార్లు మార్చారని అడిగితే ఎవరూ పలకలేదు.

ఇక అడుగున పూసే నల్లమందు విషయం. "అండర్ కోటింగు చేయించాం, భయం లేదు" అంటారు. ఎప్పుడు చేయించారు, ఏ రేకు మీద చేయించారు అన్నది అసలు ప్రశ్న. తుప్పు మీదే తారు పూస్తే తుప్పును దుప్పటి కప్పి పెంచినట్టే. తీగెల బ్రష్షుతో ఇనుము కనిపించేదాకా గీకి, తుప్పుమందు పెట్టి, ప్రైమరు పూసి, అది బాగా ఆరిన తర్వాతే పైపూత వెయ్యాలి. మన ప్రాంతంలో దీనికి తగిన అదను రోహిణికార్తె. రోళ్ళు పగిలే ఆ ఎండ దేనికైనా పనికివస్తుందంటే దీనికే. తలుపుల కింద బండి పొడవునా వుండే పెట్టెలాంటి అంచులను స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. ఖణేల్మంటే సరే. మెత్తగా 'దబ్' మంటే లోపల రేకు లేదు, పైన రంగూ పుట్టీ మాత్రమే వున్నాయన్నమాట. అలాంటి బండిని టింకరింగు చేయించి, రంగు వేయించి ఇంకో సంసారికి అంటగట్టడం నా దృష్టిలో పాపం. దాన్ని తుక్కు కింద అమ్మడమే న్యాయం. ఈ పెద్దమనిషి బండి అదృష్టవశాత్తూ ఖణేల్మన్నది.

"రోజూ పది నిమిషాలు స్టార్టు చేసి వుంచుతున్నాం గదా" అని ఆయన సమర్థించుకున్నారు. ఈ అలవాటు ఊరంతా వుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో తయారవుతుందంటే చాలామంది నమ్మరు. బండి బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. నిలబెట్టి పది నిమిషాలు ఆడిస్తే సైలెన్సరులో నీరై నిలిచి, దాన్ని లోపలినుంచి తినేస్తుంది. బేటరీకి కూడా, సెల్ఫు కొట్టినప్పుడు పోయిన శక్తి సరిగా తిరిగి రాదు. దీనికన్నా వారానికొకసారి హైవేదాకా వెళ్ళి అరగంట నడిపి రావడం వెయ్యిరెట్లు నయం. నిలబెట్టినప్పుడు హేండుబ్రేకు లాగి వదిలెయ్యకండి, తుప్పుపట్టి అతుక్కుపోతుంది. గేరులో వుంచి చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి. 2023 నుంచి నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. ఇథనాలు కూడా తేమను పీల్చేదే. కాబట్టి ఆరు నెలల నాటి పెట్రోలు టాంకీలో నిలవ వుంచకండి. పాత బండి అయితే రబ్బరు పైపులు పగుళ్ళిచ్చాయేమో చూపించండి. బానెట్టు ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పుమంటే అదే గుర్తు. రేడియేటరులో మాత్రం ఎంత తొందరైనా బోరు నీరు పొయ్యకండి. కూలెంటూ, బేటరీల వాళ్ళు అమ్మే డిస్టిల్డు వాటరూ తప్ప మూడోది వద్దు.

అబ్బాయి పంపుతానన్న డబ్బు మాటకు వస్తాను. టచ్ స్క్రీను చూసి ఆ దంపతులు చేసేదేముంది? వాళ్ళకు రాత్రిపూట ఎదుటి లైట్లకు కళ్ళు చెదరకుండా మంచి వైపర్లూ, గీతలు లేని ముందు అద్దమూ, వెనక సీటుకు సరిగా పనిచేసే బెల్టులూ, నాలుగు కొత్త టైర్లూ కావాలి. ఆ బండి టైర్ల మీద గాడులు నిండా వున్నాయి, నిజమే. కాని టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. వీరి టైర్ల మీద చివరి అంకెలు 12! గాడుల్లో అరుగుదల లేకపోయినా రబ్బరంతా జుట్టుపాయల్లా పగుళ్ళు. వెనక కెమేరా మంచిదే, ముసలివాళ్ళకు మెడ తిప్పే బాధ తగ్గుతుంది. డబ్బు మిగిలితే పెట్టించవచ్చు. ముందు భాగానికి ఇనుప కడ్డీల గార్డు పెట్టించాలని డ్రైవరు ఉబలాటపడుతున్నాడు. అది కూడదని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు వ్రాసింది. పాదచారికి అది గండం. గాలి సంచులున్న బండికైతే అవి సమయానికి విచ్చుకోకుండా చెయ్యగలదు.

వచ్చే ఏడాదికి బండికి 15 ఏళ్ళు నిండుతాయి. అప్పుడు తనిఖీకి చూపించి రిజిస్ట్రేషను మరో అయిదేళ్ళకు పొడిగించుకోవచ్చు. బ్రేకు గొట్టాలు, ఆయిలు, టైర్లు, అడుగుపూత: ఇంతమటుకు చేయిస్తే అమ్మనక్కర్లేదని నా అభిప్రాయం. అమెరికా అబ్బాయి ఇది చదివితే, డబ్బు డ్రైవరు పేర పంపకుండా తండ్రిగారి పేరనే పంపవలసిందని కోరుతున్నాను.

స్థలం కొద్దిగా వుంది గనుక విడవలూరు పాఠకులొకరికి జవాబు. ఎదగారు కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీదుగా కారు పోనివ్వవచ్చునా అని అడిగారు. తప్పించుకోగలిగితే పోనివ్వకండి. గడ్డి చక్రాల ఇరుసుకు చుట్టుకుంటుంది, సైలెన్సరుకు పట్టుకుంటుంది. పొగగొట్టంలో పొగను శుద్ధిచేసే డబ్బా వందల డిగ్రీల వేడి మీద వుంటుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి అది చాలు. పోక తప్పకపోతే మెల్లగా దాటి, అవతల బండి ఆపి దిగి, వంగి కిందికి చూడండి. గడ్డి కనిపిస్తే ఇంజను ఆపి కర్రతో లాగెయ్యండి, చెయ్యి పెట్టకండి. గడ్డి మీద మాత్రం బండి నిలబెట్టకండి, అయిదు నిమిషాలకయినా సరే.