ఆంగ్ల తరగతిలో నవల, తెలుగు నోటికి తాళం



ఆంగ్లం తరగతి గురించి తెలుగు పంతులు వ్రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకున్నది ఉపాధ్యాయ శిక్షణ ధ్రువపత్రమూ, హోసూరు ప్రాంతపు బడులలో ఇరవై తొమ్మిదేళ్ళు సుద్దముక్క పట్టిన అనుభవమూ మాత్రమే. ఆంగ్ల సాహిత్యంలో పట్టా లేదు. అయినా ఈ విషయంలో నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు. ఎందుకంటే ఆ తరగతిలో కూర్చున్నవారు నా పిల్లలే. అక్కడ నోరు నొక్కివేసిన భాష నాదే.

జరిగినది చెబుతాను. నేను పనిచేసిన ఒక బడిలో ఆంగ్ల ఉపాధ్యాయిని ఒకామె తొమ్మిదవ తరగతికి ఒక నవల చెప్పడానికి పూనుకున్నది. అమెరికా రచయిత లూయీ శాకర్ 1998లో వ్రాసిన ‘హోల్స్’, అనగా గోతులు. 1999లో న్యూబెరీ పతకం పొందిన పుస్తకమది. చేయని నేరానికి స్టాన్లీ అనే కుర్రవాడిని టెక్సాస్ ఎడారిలోని ఒక శిక్షా శిబిరానికి పంపుతారు. పేరుకు అది పచ్చని సరస్సు, చూడబోతే చుక్క నీరు లేదు. అక్కడి పిల్లలు ప్రతిరోజూ ఎండలో అయిదడుగుల లోతు, అయిదడుగుల వెడల్పు గొయ్యి ఒకటి తవ్వాలి. దానివల్ల శీలం బాగుపడుతుందని పెద్దలు చెబుతారు. ఎందుకు తవ్విస్తున్నారో అసలు సంగతి వేరు. మా ప్రాంతపు పిల్లలకు ఎండిన చెరువంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. బోర్లు వేసి వేసి అప్పులపాలైన ఇళ్ళ పిల్లలు వారు.

ఆమె ఎంపికను నేను మెచ్చుకున్నాను. యాభై చిన్న అధ్యాయాలు, సూటియైన వాక్యాలు, పధ్నాలుగేళ్ళ వాడు పుస్తకం మూయలేని కథ. కేంద్ర మాధ్యమిక విద్యామండలి వారు 2010ల దశకంలో ఇటువంటి ప్రయత్నమే చేసిన సంగతి మీకు గుర్తుండవచ్చు. తొమ్మిదవ తరగతికి గలివర్ యాత్రలు గాని, జెరోమ్ కె. జెరోమ్ వ్రాసిన పడవ ప్రయాణం గాని, పదవ తరగతికి యాన్ ఫ్రాంక్ డైరీ గాని, హెలెన్ కెల్లర్ ఆత్మకథ గాని చదవాలన్నారు. ఉద్దేశం గొప్పదే. కాని 1726 నాటి గలివర్‌నూ, 1889 నాటి థేమ్స్ నది హాస్యాన్నీ మన పిల్లల చేతిలో పెట్టి మార్కులు కట్టేసరికి ఏమయింది? పుస్తకం కంటె ముందు గైడు అమ్ముడుపోయింది. పాత్రల స్వభావ చిత్రణ, అధ్యాయాల సారాంశం, ముఖ్య ప్రశ్నలు బట్టీపట్టి, నవల తెరవకుండానే పరీక్ష గట్టెక్కిన వారిని నేను ఎరుగుదును. కొన్నేళ్ళకు ఆ పుస్తకాలను తీసివేశారు. పిల్లలు చదవలేదు గనుక నవల పనికిరాదని తీర్పు చెప్పారు తప్ప, మనం చదివించిన పద్ధతి పనికిరాదని ఎవ్వరూ అనలేదు.

మా ఉపాధ్యాయిని గైడు జోలికి పోలేదు. ముప్పైయొక్క మందికి ఆరు ప్రతులే దొరికితే, తానే గొంతెత్తి చదివింది, పిల్లల చేత చదివించింది. ఇంతవరకు బాగున్నది. కాని ఆ బడిలో ఒక నియమం ఉండేది. ఆంగ్ల తరగతిలో ఆంగ్లం తప్ప మరొక మాట వినబడితే అయిదు రూపాయల జరిమానా. అది ఆమె పెట్టినది కాదు, యాజమాన్యం పెట్టినది. తల్లిదండ్రులారా, మీరు మెచ్చుకుని తలలూపినది.

ఆ కుర్రవాడి పేరు స్టాన్లీ, ఇంటిపేరు యెల్నాట్స్. ఆంగ్ల అక్షరాలలో వెనుకనుంచి చదివితే ఇంటిపేరు పేరవుతుంది, పేరు ఇంటిపేరవుతుంది. ఈ చమత్కారం బోర్డు మీద చూపించి, ఇటువంటిది మరేదైనా తెలుసునా అని ఆమె అడిగింది. ఒక పిల్ల చటుక్కున చేయి ఎత్తి, మళ్ళీ దించేసింది. ఆ సాయంత్రం నా దగ్గరకు వచ్చి, ‘సార్, వికటకవి అని చెప్పాలనుకున్నా, అయిదు రూపాయలు పోతాయని చెప్పలేదు’ అన్నది.

మిత్రులారా, తెనాలి రామకృష్ణుని పేరు చెప్పుకుని బ్రతికే జాతి మనది. కాళికాదేవి వరమిచ్చిన కథ ఆ పిల్ల తన అవ్వ దగ్గర విన్నది. ఆంగ్ల నవలలోని చమత్కారాన్ని ఆ తరగతిలో అందరికంటె ముందు పట్టుకున్నది ఆ పిల్లే. దానికి దక్కినది మౌనం. ఇక ఆ నవల ఆమెకు ఏ విధంగా తనదవుతుంది?

ఇంకొకటి చెబుతాను. ఆ కథలో జీరో అని పిలవబడే ఒక కుర్రవాడు ఉన్నాడు. లెక్కలలో దిట్ట, చదవడం రాదు. స్టాన్లీ వానికి అక్షరాలు నేర్పుతాడు, బదులుగా జీరో ప్రతిరోజూ స్టాన్లీ గోతిలో కొంత తవ్విపెడతాడు. గైడులు వ్రాసేవారికి ఇది స్నేహానికి చక్కని ఉదాహరణ. మా చివరి బెంచీలో తమిళమూ, తెలుగూ, ఆంగ్లమూ మూడింటిలో ఏ లిపినీ కూడబలుక్కోకుండా చదవలేని అబ్బాయి ఒకడుండేవాడు. ఆ అబ్బాయి ఈ ఘట్టం వింటున్నంతసేపు కదలలేదట. నా తెలుగు పీరియడులో దాన్ని గురించి అడిగితే వాడన్న మాట ఇది: ‘మట్టి తవ్వించుకోని అచ్చరాలు నేర్పితే అది కూలి గదా సార్, మంచితనం ఎట్లయితాది?’

అరగంట వాదించుకున్నారు పిల్లలు. అప్పనంగా నేర్పి ఉంటే జీరో తీసుకునేవాడా, ఇచ్చిపుచ్చుకోవడంలో తప్పేమున్నది, గౌరవమంటే ఏమిటి, అని. ఒకరిద్దరు పుస్తకం తెప్పించుకుని ఆ పుటలు వెదికి, ఆంగ్ల వాక్యాలు చదివి వినిపించారు. వాదానికి ఆధారం కావాలి గదా! అదే అబ్బాయికి అదే వారం ఆంగ్ల పరీక్షలో ఈ నవల మీద పదికి రెండు మార్కులు వచ్చాయి. వాడికి నవల అర్థం కాలేదని ఆ కాగితం చెబుతున్నది. ఆ కాగితాన్ని నేను నమ్మను.

‘మీ తెలుగు వాసన పడితే ఇంగ్లీషు రాదండీ’ అనే పెద్దలకు రెండు సంగతులు మనవి చేస్తాను. కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979లోనే రెండు భాషల పిల్లల చదువును గురించి వ్రాస్తూ, ఒక భాషలో పెంపొందిన ఆలోచనాశక్తి రెండవ భాషకు ఆధారమవుతుందని వాదించాడు. ఇంటి భాషలో వాదించగలిగినవాడే బడి భాషలో వాదించగలడు. రెండవది ఫిజీ ద్వీపాల సంగతి. అక్కడి పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలలో ఎల్లీ, మంగూభాయి అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల ముందు ఆసక్తికరమైన ఆంగ్ల కథల పుస్తకాలు కుప్ప పోసి చూశారు. వాక్యాలను వల్లెవేయించే పాఠాల కంటె కథలు చదివిన పిల్లలే ఆంగ్లంలో ఎంతో ముందుకు పోయారని 1983లో ప్రకటించారు. (1903 మొదలుకొని మద్రాసు రేవునుంచి చెరకు తోటల కూలికి ఫిజీ వెళ్ళినవారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. వారి మనుమల నోట తెలుగు ఎంత మిగిలిందో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అది మరొకసారి.) కనుక నవల వద్దనేవారిది తప్పు, నవల చాలు తెలుగు వద్దనేవారిది అంతకంటె పెద్ద తప్పు.

ఇక మన వైపు తప్పుల సంగతి. తెలుగు అభిమానులమని చెప్పుకునే కొందరు మిత్రులు, ‘అమెరికా నవల మన పిల్లలకెందుకు, మన సంస్కృతి ఏమైపోవాలి’ అని నా మీద కోపగించుకున్నారు. అయ్యా, మనం ఆ పిల్లలకు ఏ తెలుగు నవల చదివించాము? బారిష్టరు పార్వతీశం ఓడ ఎక్కిన ముక్క ఒకటి, రామాయణం నుంచి ఒక ఘట్టం, నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు. ఉపవాచకమంటే నోట్సు చెప్పే పీరియడని అనుకున్న పాపం నాది కూడా. పదేళ్ళపాటు నేను బోర్డు మీద వ్రాసిన జవాబులనే పిల్లలు తిరిగి నాకు వ్రాసి ఇచ్చారు, నేను వాటికి మార్కులు వేసి సంతోషించాను. ‘రైలుబడి’ పేరుతో తెలుగులోకి వచ్చిన జపాను పుస్తకం ‘తొత్తోచాన్’ గాని, పులికాట్ సరస్సు దీవుల తెలుగును నోరారా పలికించిన స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ గాని, చిత్తూరు పల్లె పిల్లవాని మాట వినిపించే నామిని కథలు గాని మన అలమారలలో ఎన్ని ఉన్నాయి? సరిహద్దుకు ఆవలి తెలుగు పాఠ్యపుస్తకంలో కనబడని మా మాట ఆ పుస్తకాలలో ఉన్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం మన తెలుగును పక్కకు నెట్టిందని వాపోతాము, 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పదవ తరగతి పిల్లలకు మినహాయింపు తెచ్చుకున్నాము. మంచిదే. కాని ఆ మినహాయింపుతో దక్కిన పీరియడులో మళ్ళీ నోట్సే చెబితే ఆ పోరాటం దేనికి?

ఆ నవల కథ బడిలో ఎలా ముగిసిందో చెప్పాలి. అందులో నూట పదేళ్ళ క్రిందటి ఉపకథ ఒకటి ఉన్నది. ఉల్లిగడ్డలు అమ్ముకునే నల్లజాతి యువకుడు శామ్, బడి కప్పు బాగుచేస్తూ తెల్లజాతి పంతులమ్మతో ప్రేమలో పడతాడు. ఊరు ఊరంతా కదిలివచ్చి బడిని తగలబెడుతుంది, అతనిని చంపుతారు. ఆనాటి నుంచి ఆ సరస్సులో వాన పడదు. ఆ అధ్యాయం చదివిన రోజు తరగతిలో ఎవరూ మాట్లాడలేదట. మా వైపు వార్తాపత్రికలు చదివే ఇళ్ళ పిల్లలకు అది ఎక్కడో జరిగిన సంగతి అనిపించదు. మరునాడు ఒక తండ్రి వచ్చి, ఇంగ్లీషు పేరుతో పిల్లలకు ప్రేమకథలు చెబుతున్నారని ఫిర్యాదు చేశారు. వారం తిరగకుండా పుస్తకాలు అలమారలోకి పోయాయి. మిగిలిన అధ్యాయాలకు ‘సారాంశం’ పంచిపెట్టమన్నారు. అంతేకాదు, వ్యాకరణం వెనుకబడిందని చెప్పి వారానికి అయిదు తెలుగు పీరియడులలో రెండు ఆంగ్లానికి ఇచ్చేశారు. నవల పోయింది, తెలుగూ పోయింది, అయిదు రూపాయల జరిమానా మాత్రం నిలిచింది.

ఆ తండ్రిగారిని నేను తప్పుపట్టలేను. తన కూతురు ఏమి చదువుతున్నదో ఆయనకు ఎవరూ ఆయన భాషలో చెప్పలేదు. మేము ముందుగా నలుగురు తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ కథను తెలుగులో చెప్పి ఉంటే ఆయన అలా వచ్చేవారు కాదేమో. ఆంగ్ల ఉపాధ్యాయినితో ఆ మాట నేను అన్నాను, ముందే అననందుకు సిగ్గుపడ్డాను.

ఈ జూనులో మీ బడిలో ఆంగ్ల ఉపాధ్యాయులు ఏదైనా నవల ఎత్తుకుంటే, తెలుగు పంతుళ్ళారా, దూరంగా నిలబడి మూతి విరవకండి. వారంలో మీ పీరియడు ఒకటి ఇవ్వండి, కాని ఊరకే ఇవ్వకండి. అందులో మీరూ కూర్చోండి, పిల్లలు ఆ పుస్తకాన్ని గురించి తెలుగులో కొట్లాడుకోనివ్వండి. తల్లిదండ్రులారా, జరిమానాల పట్టిక గోడ మీద కనబడితే ఎవరు పెట్టారని, ఎందుకు పెట్టారని ప్రధానోపాధ్యాయుని గదికి వెళ్ళి అడగండి. ఇంటికి వచ్చిన పిల్లను పాఠం అప్పగించమనకుండా, ఈవేళ కథ ఎంతవరకు వచ్చిందని అడగండి.

వికటకవి అన్న పిల్ల ఇప్పుడు పదకొండవ తరగతిలో ఉన్నది. మొన్న సంతలో కనబడి, ఆ సరస్సులో చివరకు వాన పడిందా సార్ అని అడిగింది. పడిందని నేను చెప్పలేదు. ఆ ఆరు ప్రతులలో ఒకటి నా దగ్గరే ఉన్నది, ఆదివారం వచ్చి తీసుకుపొమ్మన్నాను.