చవక పెట్టె... చక్కని మోత!

సినిమాలో హీరో గిటారు మెడలో తగిలించుకుని స్టేజీ ఎక్కాడంటే మన చూపు ఎక్కడుంటుంది? అతని జుట్టు మీద, చొక్కా మీద, ముందు వరసలో కూర్చున్న హీరోయిన్ మీద! కాస్త సంగీతం పిచ్చి వున్నవాళ్ళకైతే గిటారు తీగెల మీద. 1973లో ‘యాదోం కీ బారాత్’ చూసి మురిసినవాళ్ళూ అంతే, దాన్నే తెలుగు చేస్తే 1975లో ‘అన్నదమ్ముల అనుబంధం’ చూసి చక్రవర్తి బాణీలకు ఈలలు వేసినవాళ్ళూ అంతే, ఇవాళ్టి కుర్రకారూ అంతే. వాయించేవాడి కాళ్ళ దగ్గర ఏముందో ఎవరూ చూడరు. కెమెరా కూడా అటు తిరగదు.

కానీ సగం మాయ అక్కడే వుంటుంది మరి! సబ్బు పెట్టె కంటే కాస్త పెద్దది, రెండో మూడో తిప్పుడు బిళ్ళలు, ఒక ఎర్ర దీపం, ఒక మీట. గిటారు నుంచి వచ్చే వైరు నేరుగా యాంప్లిఫయరులోకి పోకుండా మధ్యలో ఈ పెట్టెలో దూరి పోతుంది. పాదంతో మీట నొక్కారా, అంతవరకూ బుద్ధిగా టింగు టింగుమన్న గిటారు గర్జిస్తుంది. ఇంకో పెట్టె నొక్కితే కొండల్లో కేక వేసినట్టు మారుమోగుతుంది. మరో పెట్టె నొక్కితే నీళ్ళ అడుగు నుంచి పాడినట్టు వూగుతుంది. వీటి పేరు ఎఫెక్ట్స్ పెడల్. ఆర్కెస్ట్రా వాళ్ళు ‘పెడల్’ అంటారు. వాళ్ళ ఇళ్ళల్లో అమ్మలు ‘ఆ డబ్బా’ అంటారు. రెండూ కరెక్టే!

ఈ వారం కబుర్లు ఆ డబ్బా గురించే. అందులోనూ చవక డబ్బా గురించి.

వడ్డీకి తెచ్చిన గర్జన

మా శ్రీకాళహస్తిలో నాకు తెలిసిన కుర్రాడొకడున్నాడు. వాళ్ళ నాయనది కలంకారీ పని. కుర్రాడు పగలు సెల్ ఫోన్ల షాపులో వుంటాడు. రాత్రి కచేరీ తగిలితే ఆర్కెస్ట్రాలో గిటారు. శివరాత్రి ఉత్సవాలకీ, చుట్టుపక్కల వూళ్ళ జాతర్లకీ, పెళ్ళిళ్ళకీ పోయి వాయిస్తాడు. రాత్రికి వెయ్యి రూపాయలొస్తే గొప్ప. ఒకనాటి సాయంత్రం నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. మొహంలో కళ లేదు.

“అన్నా, యాభై వేల ప్రాసెసరు ఒకటి చూసినా. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామంటా ఉండారు. తీసుకోమంటావా?”

“ఇప్పుడున్న దాంతో ఏమైంది?”

“ఇప్పుడేముండాది? ఉత్త గిటారే. సినిమాలో మాదిరి మోత రాలేదని మేనేజరు అందరి ముందరా అనేసినాడు. మూడు నెల్లయింది నేను గిటారు ముట్టి.”

“మరి రెండు మూడు వేలల్లో పెట్టెలొస్తున్నాయి గదా?”

“ఆ ప్లాస్టిక్ డబ్బా ఏసుకోని స్టేజీ ఎక్కితే నగరా అన్నా?”

చూశారా! డబ్బు లేకపోవడం ఒక బాధ. దానికంటే పెద్ద బాధ, నలుగురూ నవ్వుతారన్న భయం. ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. యాభై వేలకు నూటికి మూడు చొప్పున నెలకు పదిహేను వందలు వడ్డీయే. అంటే ప్రతి నెలా ఒకటిన్నర కచేరీ వడ్డీ వ్యాపారి కోసమే వాయించాలి. అసలు తీరాలంటే ఇంకో యాభై రాత్రులు. పెళ్ళిళ్ళ ముహూర్తాలు లేని మూఢంలో ఎట్లా కడతాడు? ఆ భయంలో వాయించిన పాట పాటలా వుంటుందా?

సరే, లెక్కలు అలా వుంచి, నవ్వుతారన్న భయం సంగతి చూద్దాం. ఈ పెడళ్ళ పుట్టుక చరిత్ర తెలిస్తే ఆ భయం సగం పోతుంది.

చెడిపోయిన మిషను చేసిన మేలు

1961లో అమెరికాలో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి ‘డోంట్ వర్రీ’ అనే పాట విడుదలైంది. నాష్‌విల్‌లో దాన్ని రికార్డు చేస్తుంటే గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న వాద్యం కందిరీగల తుట్టె కదిలించినట్టు మోగింది. కారణం? స్టూడియో మిషన్లో ఒక భాగం పాడైంది! మళ్ళీ తీద్దామనుకోకుండా అలాగే వుంచేశారు. జనానికి నచ్చింది. గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు ఆ పాడైన మోతనే కావాలని పుట్టించే పెట్టె తయారుచేశాడు. 1962లో అది మేస్ట్రో ఫజ్-టోన్ అనే పేరుతో బజార్లోకి వచ్చింది. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాడు. అదీ తాత్కాలికంగానే, తర్వాత ఆ వరసని బాకాలతో వాయిద్దామనుకున్నాడు! పాట లోకమంతా మోగిపోయింది. దుకాణాల్లో పెట్టెలు మిగల్లేదు.

అంతకు ముందు ఏడాది, 1964లో, లండన్లో కింక్స్ బృందపు డేవ్ డేవిస్ ఇంకో పని చేశాడు. తన చిన్న చవక యాంప్లిఫయరు స్పీకరు అట్టను బ్లేడుతో కోసేశాడు. ఆ చిరుగు మోతే ‘యూ రియల్లీ గాట్ మి’ పాటకి ప్రాణం. బ్లేడు ఖరీదు ఎంతంటారు?

1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే గుండ్రటి పెట్టెని జిమీ హెండ్రిక్స్ నెత్తిన పెట్టుకున్నాడు. 1969లో వుడ్‌స్టాక్ వేదిక మీద కూడా అతని కాలి కింద వున్నది అదే. దాన్ని విప్పి చూస్తే రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, తిప్పుడు బిళ్ళలు రెండు. అంతే! మన వీధి చివర రేడియో రిపేరు చేసే పెద్దాయన సొరుగులో అంతకు పదింతలు సామాను వుండేది.

పెట్టెలో ఏముంది?

గర్జన ఎలా వస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను, పరీక్షలేమీ పెట్టనులెండి. గిటారు తీగె మీటితే వచ్చే కరెంటు బహు స్వల్పం, వోల్టులో చిన్న భాగం. దాన్ని పెట్టెలోని ఒక చిన్న చిప్పు ఎన్నో రెట్లు పెంచుతుంది. పెరిగిన అలకు ఎదురుగా డయోడ్లు రెండు ద్వారపాలకుల్లా నిలబడతాయి. సిలికాన్ డయోడ్ అయితే సుమారు 0.6 వోల్టుకి మించి పైకి పోనివ్వదు. అల నెత్తి కత్తిరించినట్టు చదునవుతుంది. ఆ కత్తిరింపు నుంచే కొత్త స్వరాంశాలు పుట్టి మన చెవికి గరగరగా, బరువుగా వినిపిస్తాయి. ఆ డయోడు ఖరీదు ఒకటి రెండు రూపాయలు. 4558 అనే చిప్పు, ఎంతో పేరున్న పెడళ్ళలో వున్నదీ అదే, కిళ్ళీ ఖరీదుకి అటూ ఇటూ దొరుకుతుంది. మద్రాసు రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి అడగండి, పొట్లం కట్టి ఇస్తారు.

మారుమోత పెట్టె సంగతి ఇంకా తమాషా. చవక డిలే పెడళ్ళలో చాలావాటి లోపల వుండే చిప్పు పేరు పిటి2399. తైవాన్ సరుకు. అది అసలు పుట్టిందే కరోకే మైకుల్లో ఎకో కోసం! అంటే మన పందిట్లో ‘హలో... హలో... మైక్ టెస్టింగ్’ మూడుసార్లు మోగించే మాయకి అన్నదమ్ముడే గిటారిస్టు కాలి కింద వున్నది.

మరి కొన్ని పెట్టెలకు అంత ఖరీదెందుకు? గట్టి ఇనప పెట్టె, మంచి మీట, శ్రద్ధగా చేసిన పని, వీటికి డబ్బు పెట్టడం న్యాయమే. జపాన్ వాళ్ళ బాస్ డిఎస్-1 పెడల్ 1978లో వచ్చింది, ఇవాళ్టికీ అమ్ముడుపోతూనే వుంది. ఖరీదైన వాటిలో అది చవక, చవకవాటిలో అది ఖరీదు! నిర్వాణ బృందపు కర్ట్ కోబేన్ తొక్కింది దాన్నే. కానీ కొన్నిటికి పేరు వల్లే ధర. క్లాన్ సెంటార్ అనే పెడల్ వుంది. 1994లో అమెరికాలో బిల్ ఫినెగన్ అనే ఆయన అమ్మడం మొదలుపెట్టినప్పుడు దాని ధర కొన్ని వందల డాలర్లు. ఎవరూ కాపీ కొట్టకుండా లోపలి భాగాల మీద నల్లటి లక్కలాంటి పదార్థం పోసేశాడు. అది ఆగిపోయాక, పాత పెట్టెలు మన లెక్కలో లక్షల రూపాయలకు చేతులు మారుతున్నాయి. అందులోని డయోడ్లు బంగారంతో చేసినవి కావు స్వామీ, జెర్మేనియంతో చేసినవి!

కలం ఖరీదెంత?

కుర్రాడితో ఇవన్నీ చెబుతూ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాయన గుడ్డ మీద రామాయణం గీస్తున్నాడు. చేతిలో వెదురు పుల్ల, మొన చెక్కి, కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగించింది. ఆ చుట్టను వేళ్ళతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. నల్లరంగు ఎక్కడిదీ? తుప్పు పట్టిన ఇనప ముక్కలూ, బెల్లమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టినది. కరక్కాయ రసంలో, పాలల్లో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ నీళ్ళు పడగానే నల్లటి గీత తేలుతుంది. పాత ఇనుమూ, బెల్లమూ! ఈ సరంజామాతోనే మా వూరి పేరు దేశాలు దాటింది. ఈ కళకే 2008లో మా వూరి జె. గురప్పచెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది.

కుర్రాడి గొడవ విని ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: “ఇన్నేండ్లుగా గీస్తా ఉండా నాయనా. చీర ఎంత అని అడిగినోళ్ళే గానీ, కలం ఎంత అని అడిగినోడు ఒకడూ లేడు.”

కొడుకు వెంటనే, “నీ పుల్లకి కరెంటు అక్కర్లేదు గదా నాయనా!” అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ మాటలోనూ నిజముంది. పుల్ల చెడితే ఇంకోటి చెక్కుకోవచ్చు. పెట్టె స్టేజీ మీద ఆగిపోతే ఏం చెక్కుతాం?

లోపాలూ చెప్పుకోవాలి

అందుకే చవక పెడల్ సద్గుణ సంపన్నమని నేననను. ప్లాస్టిక్ పెట్టెని బూటుతో తొక్కితే పగలచ్చు. మీట కొన్నాళ్ళకి మొరాయిస్తుంది. ‘స్...’ అని ఒక బుస వుంటుంది. మారుమోత పెట్టెలో ఆ చిప్పుని సెకనులో మూడో వంతు దాటి సాగదీస్తే మోత మసక బారుతుంది. ఈ మధ్య వచ్చేవాటిలో భాగాలు ఆవగింజల్లా వుంటాయి కాబట్టి రిపేరు కూడా కష్టమే. రోజూ కచేరీలు చేసి దాని మీదే బతికేవాళ్ళు గట్టి పెట్టె కొనుక్కోవడమే మంచిది.

కానీ నేర్చుకునేవాళ్ళకి చవక పెట్టెలో వున్న గొప్ప గుణం ఒకటుంది. అందులో మూడే బిళ్ళలు. వంద మోతలున్న ప్రాసెసరు కొంటే రాత్రంతా మోతలు మార్చడంతోనే తెల్లారుతుంది. మూడు బిళ్ళలే వుంటే పావుగంటలో అవి అయిపోతాయి. ఇక మిగిలింది మన వేళ్ళే! మీటే బలం మారిస్తే గర్జన ఎలా మారుతుందో, గిటారు మీది వాల్యూం కాస్త తగ్గిస్తే అదే పెట్టె ఎంత మెత్తబడుతుందో చెవికి తెలిసొస్తుంది. ఇళయరాజా 1976లో ‘అన్నక్కిళి’తో సంగీత దర్శకుడు కాకముందు ఎందరి రికార్డింగుల్లోనో గిటారు వాయించినవారే. ఆ వేళ్ళను ఏ పెట్టెలోనూ పెట్టి అమ్మలేరు.

కొనబోయేవాళ్ళకి నాలుగు మాటలు. మొదట ఒక్క ఓవర్ డ్రైవ్ పెట్టె చాలు. మారుమోత తర్వాత. రెండూ వుంటే గర్జన ముందు, మారుమోత వెనక వుండేట్టు వైరు కలపండి. వీలైతే మీ గిటారు మీరే పట్టుకుపోయి షాపులో వాయించి చూడండి. మద్రాసు మౌంట్ రోడ్డులోని మ్యూజీ మ్యూజికల్ 1842 నుంచి వున్న దుకాణం, చూసి రావడానికైనా వెళ్ళచ్చు! అన్నిటికంటే ముఖ్యం, అడాప్టరు. ఈ పెట్టెల్లో చాలావాటికి 9 వోల్టుల డిసి కావాలి, పిన్ను మధ్యభాగం నెగటివ్‌గా వుండాలి. ఇంట్లో పడివున్న ఏదో అడాప్టరు గుచ్చారంటే రెండు వేలూ పొగైపోతాయి. పెట్టె మీద వేసిన బొమ్మ చూసి మరీ గుచ్చండి.

ఆ కుర్రాడి సంగతి అడుగుతున్నారు కదూ? అప్పు చెయ్యలేదు. రెండు వేల ఆరువందలు పెట్టి ఒక ప్లాస్టిక్ పెట్టె కొన్నాడు. మొన్నటి శివరాత్రికి స్టేజీ ఎక్కి, ఎందుకైనా మంచిదని దాని మీద చేతిరుమాలు కప్పాడు! మూడో పాటకి రుమాలు ఎటు ఎగిరిపోయిందో అతనికే తెలీదు. వాయులింగం వెలసిన వూరు కదా, గాలి వూరుకుంటుందా? జనంలో ఒక్కరూ ఆ పెట్టెను చూడలేదు. మేనేజరు మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. మరుసటి కచేరీకి మాత్రం పిలిచాడు.

తెల్లారి కుర్రాడు నా దగ్గరకొచ్చి, “అన్నా, పాట ఆపినప్పుడు బుస వస్తా ఉండాది, దాన్నెట్లా తగ్గించేది?” అని అడిగాడు. నాకు భలే సంతోషమేసింది. మూడు నెలలు గిటారు ముట్టనివాడు ఇప్పుడు పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దాన్ని కూడా వింటున్నాడు!

ఇప్పుడు మారుమోత పెట్టె కావాలంటున్నాడు. ఇంకో మూడు కచేరీలు ఆగమన్నాను.