ఆటగాడికీ సప్లిమెంటరీ ఉండాలి

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మన హాస్టల్లో మెస్సు సాంబారు మీద, క్రికెట్టు మీద అభిప్రాయం లేనివాడు లేడు. సాంబారు సంగతి వార్డెను గారికి వదిలేసి, రెండోదాని గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని ఈ ప్రయత్నం. నేను ఆటగాణ్ణి కాను. చూసేవాణ్ణి, చూసి అరిచేవాణ్ణి. కనుక ఈ వ్యాసం ఆటగాళ్లకు చెప్పే నీతి కాదు. నాలాంటి ప్రేక్షకులకూ, ఆటగాళ్లను ఎంపిక చేసే పెద్దలకూ నేను చేసుకునే విన్నపం మాత్రమే.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. నిరుడు అంతర కళాశాలల పోటీల్లో మన జట్టు తరఫున ఒక కొత్త కుర్రాడు బౌలింగ్ చేశాడు. పల్లెటూరివాడు, ఎడమచేతి వాటం. నెట్స్‌లో అతని బంతి లోపలికి తిరగడం చూసి సీనియర్లే ముచ్చటపడ్డారు. మ్యాచిలో మాత్రం మొదటి ఓవర్లో రెండు వైడ్లు, ఒక ఫోరు ఇచ్చాడు. రెండో ఓవర్లో రెండు సిక్సర్లు పోయాయి. ఆ కంగారులోనే చేతిలోకి వచ్చిన క్యాచి జారవిడిచాడు. షామియానా కింద కూర్చున్న మేమంతా ఒకటే గోల. "ఒరేయ్, పోయి గేదెలు కాసుకోరా!" అని ఎవడో అరిచాడు. అందరం నవ్వాం. మా ఇంట్లోనూ రెండు గేదెలున్నాయి. సెలవులకు పోతే వాటిని కాసేది నేనే. అయినా నేనూ నవ్వాను.

తర్వాతి మ్యాచి జాబితాలో అతని పేరు లేదు. ఎందుకు లేదో అతనికి ఎవరూ చెప్పలేదు. క్రమంగా గ్రౌండుకు రావడమే మానేశాడు. మా వరండాలోనే, మూడు గదుల అవతల ఉంటాడు. అతని బూట్లు అట్టపెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేసి ఉన్నాయి.

మరి నా సంగతి? నేను మొదటి సంవత్సరంలో కెమిస్ట్రీ పేపరు తప్పాను. నన్నెవరూ కాలేజీ నుంచి పంపేయలేదు. ఫీజు కట్టించుకుని మళ్లీ రాయమన్నారు. రాశాను, గట్టెక్కాను. ఒక పేపరు తప్పినవాడికి సప్లిమెంటరీ ఉన్నప్పుడు ఒక మ్యాచి తప్పినవాడికి ఎందుకు ఉండకూడదు? నా ప్రశ్న ఇంతే.

ఈ జబ్బు మన కాలేజీకే పరిమితం అనుకుంటే పొరపాటు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో విశాఖపట్నం కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి ఎనిమిదో స్థానంలో వచ్చి టెస్టు సెంచరీ కొట్టాడు. అప్పటికి అతని వయసు 21. మన హాస్టల్లో ఆ రోజు పండగే. కొడుకు ఆట కోసం తండ్రి ఉద్యోగం వదులుకున్నాడన్న సంగతి చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఐదు నెలలు తిరగలేదు. 2025 ఐ.పి.ఎల్.లో సన్‌రైజర్స్ తరఫున అతను మొత్తం మీద 182 పరుగులే చేశాడు. అంతకుముందు ఏడాది 303 చేసినవాడు. అంతే, అదే టీవీ ముందు, అదే నోళ్లు "వీడి పని అయిపోయింది" అన్నాయి. వాటిలో నా నోరూ ఒకటి. 21 ఏళ్లకే మనిషి పని అయిపోతుందా? ఆ లెక్కన ఇంకా మొదలే కాని మన పని ఏం కావాలి?

నేను సైన్సు విద్యార్థిని కనుక ఒక చిన్న లెక్క చెబుతాను. విసుక్కోకండి. రేడియోధార్మిక విఘటనం పాఠం మనందరం చదివిందే. ఏ పరమాణువు ఎప్పుడు విఘటనం చెందుతుందో ఎవరూ చెప్పలేరు. సగటు ఆయుర్దాయం మాత్రం చెప్పగలరు. బ్యాట్స్‌మన్ కూడా ఇంచుమించు అంతే. సగటు 40 ఉన్న మంచి బ్యాట్స్‌మన్‌ను తీసుకుందాం. ప్రతి పరుగు దగ్గరా అతను అవుటయ్యే అవకాశం సమానమే అనుకుందాం. అప్పుడు ఒక ఇన్నింగ్స్‌లో అతను 20 దాటకుండానే వెనక్కి వచ్చే అవకాశం నూటికి 39. వరసగా మూడుసార్లు అలా జరిగే అవకాశం నూటికి 6. ఇది తక్కువే కదా అనిపిస్తుంది. కానీ సీజనులో పది ఇన్నింగ్స్ ఆడితే, ఎక్కడో ఒకచోట వరసగా మూడు వైఫల్యాలు తగిలే అవకాశం నూటికి 30! అంటే జట్టులో ఆరుగురు మంచి బ్యాట్స్‌మెన్ ఉంటే, ఆటలో ఏ లోపం లేకపోయినా, వాళ్లలో దాదాపు ఇద్దరికి ప్రతి సీజనులోనూ ఈ గతి పడుతుందన్నమాట. నిజానికి అప్పుడే క్రీజులోకి వచ్చినవాడికి ప్రమాదం ఇంకా ఎక్కువ. కనుక మూడు ఇన్నింగ్స్ చూసి తీర్పు చెప్పడమంటే బొమ్మా బొరుసూ వేసి తీర్పు చెప్పడంతో సమానం.

లెక్కలు నమ్మనివారికి లక్ష్మణ్‌ను గుర్తుచేస్తాను. హైదరాబాదు వి.వి.ఎస్. లక్ష్మణ్ 1996లో అహ్మదాబాదులో దక్షిణాఫ్రికా మీద తొలి టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో 51 చేశాడు. ఆ తర్వాత నాలుగేళ్లు ఒక కాలు జట్టు లోపల, ఒక కాలు బయట. 2000 జనవరిలో సిడ్నీలో 167 కొట్టాక కూడా చోటు ఖాయం కాలేదు. ఆ 1999-2000 సీజనులో రంజీలో ఏకంగా 1415 పరుగులు చేశాడు. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద చేసిన 281 సంగతి మన తాతయ్యలకు కూడా తెలుసు. చివరికి 134 టెస్టులు, 8781 పరుగులు. ఆ నాలుగేళ్లలో ఏదో ఒకనాడు "ఇక చాలు, ఇంటికి పో" అని అతనికి శాశ్వతంగా చెప్పి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అతన్ని కాపాడింది తిరిగి వచ్చే దారి ఒకటి తెరిచి ఉండడం. దానికి పేరు రంజీ ట్రోఫీ. అదే అతని సప్లిమెంటరీ.

ఇక మన ఆంధ్ర జట్టు భవిష్యత్తు గురించి. రంజీలో ఆంధ్ర 1953-54లో అడుగుపెట్టింది. భారత జట్టు తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడే అప్పుడు మన జట్టుకూ కెప్టెన్. అంత గొప్పగా మొదలైనా, 2024-25 సీజను ముగిసేదాకా ఆ ట్రోఫీ ఒక్కసారి కూడా మన ఇంటికి రాలేదు. హైదరాబాదు జట్టుకు 1937-38లోను, 1986-87లోను వచ్చింది. మనకు దగ్గరదాకా వచ్చి చేజారడం అలవాటైపోయింది. 2023లో ఇందోరులో మధ్యప్రదేశ్ మీద క్వార్టర్ ఫైనల్లో హనుమ విహారి మణికట్టు విరిగింది. విరిగిన చెయ్యి దాచుకుని ఎడమచేతి వాటంగా నిలబడి బ్యాటింగ్ చేశాడు. మొదటి ఇన్నింగ్స్‌లో 379 చేసిన జట్టు రెండోసారి 93కే కూలింది, ఓడాం. ఏడాది తిరిగాక మళ్లీ అదే ఊరు, అదే క్వార్టర్ ఫైనల్, అదే ప్రత్యర్థి. 170 చేస్తే గెలుపు. 165 దగ్గర ఆగిపోయాం. నాలుగు పరుగుల తేడా! ఆ సీజనులో మన రికీ భుయ్ 902 పరుగులు చేసి దేశం మొత్తంలో మొదటివాడిగా నిలిచాడు. అయినా దక్కలేదు.

విహారి 2025లో త్రిపురకు వెళ్లిపోయాడు. ఇక బరువు మోయవలసింది కుర్రాళ్లే. గుంటూరు షేక్ రషీద్‌ను చూడండి. 2022లో అండర్-19 ప్రపంచకప్పు గెలిచిన జట్టుకు వైస్ కెప్టెన్. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండు మీద 50. అప్పుడు పేపర్లన్నీ అతని ఫోటోలే వేశాయి. ఆ తర్వాత అతని పేరు కోసం స్పోర్ట్స్ పేజీ అడుగున వెతుక్కోవలసి వచ్చేది. కప్పు గెలిచి రెండేళ్లు దాటాక, 2024 నవంబరులో, హైదరాబాదు మీద 203 కొట్టాడు. అప్పటికి అతని వయసు 20. అంటే ఇవాళ్టి నా వయసు. చెన్నై జట్టు అతన్ని 2023 సీజనుకే తీసుకున్నా, మైదానంలోకి దిగే అవకాశం వచ్చింది 2025 ఏప్రిల్లో. ఆ రెండేళ్లూ నెట్స్‌లో బంతులు ఆడుతూ కూర్చున్నవాడి మనసు ఎలా ఉంటుందో, ఫలితాల కోసం నోటీసు బోర్డు దగ్గర నిలబడ్డ మనకు కొంచెమైనా అర్థం కావాలి.

ఇక్కడ నన్ను ఎదురు ప్రశ్న వేయవచ్చు. "అయితే ఎంత ఆడకపోయినా మోయాలా? జట్టు అంటే ధర్మసత్రమా?" అని. న్యాయమైన ప్రశ్న. విశాఖ వికెట్ కీపర్ కె.ఎస్. భరత్ 2015లో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి వికెట్ కీపర్ అతనే. ఎనిమిదేళ్లు ఎదురుచూశాక 2023లో టెస్టుల్లోకి వచ్చాడు. ఏడు టెస్టులు ఆడించారు. 221 పరుగులు, ఒక్క అర్ధసెంచరీ లేదు. 2024లో అతన్ని తప్పించి ధ్రువ్ జురెల్‌ను తీసుకుంటే, ఆ కుర్రాడు రాంచీలో 90, నాటౌట్ 39 చేసి మ్యాచి గెలిపించాడు. అభిమానిగా నాకు బాధే. కానీ అన్యాయం జరిగిందని మాత్రం అనలేను. ఏడు టెస్టులు, పన్నెండు ఇన్నింగ్స్ అంటే చెప్పుకోదగ్గ అవకాశమే. నేను అడిగేది శాశ్వత స్థానం కాదు, చెప్పుకోదగ్గ అవకాశమే.

ఈ విషయం నాకు పుస్తకాలకంటే ముందు మా తోట నేర్పింది. మాది నూజివీడు దగ్గర పల్లె. మూడెకరాల మామిడి. కొత్తగా అంట్లు నాటినప్పుడు రెండో ఏడే కొన్నిటికి పూత వస్తుంది. ఆ పూతను మా నాన్న తుంచి పారేసేవాడు. చిన్నప్పుడు నాకు ప్రాణం ఉసూరుమనేది.

"వచ్చిన పూతని ఎందుకు తుంపేస్తున్నావు నాన్నా?" అని అడిగాను.

"ఇప్పుడే కాయ మోస్తే చెట్టు ఎదగదురా. ముందు వేరు దిగనీ. ఆనక వద్దన్నా కాస్తది" అన్నాడు.

ఇప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్లల మీద లక్షలూ కోట్లూ పాట పాడుతుంటే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. మొదటి పూతకే కాయలు కోసుకోవాలని తొందర. కాయకపోతే చెట్టు మీద కోపం.

అట్లాగని మా నాన్న కాయని చెట్టును కలకాలం ఉంచలేదు. ఒక చెట్టు ఎనిమిదేళ్లయినా కాపుకు రాలేదు. పాదు చేసి ఎరువు వేశాడు. ఎండుకొమ్మలు కొట్టించాడు. ఇంకో రెండు కాపుల కాలం చూశాడు. అప్పటికీ కాయలేదు, కొట్టించేశాడు. కొట్టించిన రోజు అన్నం సరిగ్గా తినలేదు. అవకాశం ఇవ్వడమూ, తీసేయడమూ రెండూ సేద్యంలో భాగమే. కానీ ఒక గాలివానకు పిందె రాలిందని గొడ్డలి ఎత్తేవాడు రైతు కాడు.

కనుక పెద్దలకు మూడు మాటలు మనవి చేస్తాను. ఒకటి: కొత్త కుర్రాణ్ణి తీసుకుంటే ఇన్ని మ్యాచులు నీవే అని ముందే చెప్పండి. రేపు ఉంటానో లేదో అనుకునేవాడు బంతిని చూడడు, సెలెక్టరు మొహం చూస్తాడు. రెండు: స్కోరుతోపాటు ఎలా అవుటయ్యాడో చూడండి. మంచి బంతికి సున్నా చేయడం వేరు, ఒకే తప్పు నాలుగుసార్లు చేయడం వేరు. మూడు: తీసేయాల్సి వస్తే పిలిచి కారణం చెప్పండి, ఏం దిద్దుకుని తిరిగి రావాలో చెప్పండి. పరీక్ష తప్పినవాడికి కూడా ఏ పేపరు తప్పాడో చెబుతాం కదా! ఇవి ఆంధ్ర జట్టుకెంత అవసరమో మన కాలేజీ జట్టుకూ అంతే అవసరం. రాబోయే సంవత్సరం విద్యార్థి సంఘం వారు ఈ పద్ధతి పెట్టించాలని కోరుతున్నాను.

ఇక మనం, ప్రేక్షకులం. 2025 ఆగస్టులో ఓవల్‌లో హైదరాబాదు సిరాజ్ బ్రూక్ క్యాచి పట్టి, కాలు బౌండరీ తాడు మీద వేశాడు. 19 దగ్గర పోవాల్సిన బ్రూక్ 111 కొట్టాడు. ఆ రాత్రి మన హాస్టల్లో సిరాజ్‌ను తిట్టని నోరు లేదు. మర్నాడు పొద్దున అతని చేతికే బంతి ఇచ్చారు. ఐదు వికెట్లు పూర్తి చేసి, ఆరు పరుగుల తేడాతో గెలిపించాడు. నిన్న తప్పు చేసినవాడి చేతికి ఇవాళ మళ్లీ బంతి ఇవ్వడం — నా వ్యాసమంతా ఆ ఒక్క పనిలో ఉంది.

ఇది రాయడం మొదలుపెట్టిన రోజు సాయంత్రం మూడు గదుల అవతలికి వెళ్లాను. ఆ రోజు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నానని అతనికి చెప్పాను. "తెలుసన్నా, చూశాను" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆదివారం పొద్దున గ్రౌండుకు రమ్మన్నాను. బ్యాటు నేను పట్టుకుంటానన్నాను. వస్తానని గానీ రానని గానీ అనలేదు. బూట్ల పెట్టె మాత్రం మంచం కింద నుంచి ఇవతలికి లాగి చూసుకున్నాడు.

మిత్రులారా, ఈసారి పోటీల్లో అతను బంతి పట్టుకుంటే, మొదటి ఓవర్లో మళ్లీ రెండు వైడ్లు పడినా సరే, షామియానా కింద నుంచి ఒక్క కేక కూడా వినిపించకూడదు. చప్పట్లు కొట్టకపోయినా ఫరవాలేదు. మూడో ఓవరుదాకా ఓపిక పట్టండి.