ఎండల ఊరిలో ఏ గుడ్డ కట్టవలయును?

చంద్రపురపు ఎండ ఎట్టిదో ఈ పత్రిక చదువువారికి వేరుగా చెప్పనక్కర లేదు. మే నెలలో వేడిమి 46, 47 డిగ్రీలకు చేరుట మన అనుభవమే. ఆ దినములలో కూలరుకు క్రొత్త వట్టివేళ్ళ తడికలు కట్టించుకొందుము, మజ్జిగ త్రాగుదుము, కాల్చిన మామిడికాయల పన్హా చేసికొందుము, మధ్యాహ్నము తలుపులు మూసికొని కూర్చుందుము. ఇవి యన్నియు మంచివే. కాని రాత్రింబవళ్ళు మన ఒంటి నంటియుండు వస్తువు ఒకటి కలదు. అది పగలు కట్టుబట్ట, రాత్రి పక్కబట్ట. దాని రంగు, వెల, అంచు విచారించినంతగా, అది దేనితో నేసినదని విచారించువారు మనలో తక్కువ.

మేము గుడ్డల వర్తకులము. ఈ మాట మా నోట వచ్చుట కొందరికి వింతగా తోచవచ్చును. మా దుకాణమున పాలియెస్టరు చీరలు, టెరికాటన్ చొక్కా గుడ్డలు ఇరువది యేండ్లుగా అమ్మితిమి, నేటికిని అమ్ముచున్నాము. ఆ సరకు వలన మా కుటుంబము నడచినది. కనుక ఇతరులను తప్పుపట్టుటకు గాక, మా తప్పు కూడ ఒప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత వేసవిలో మా బంధువుల ఇంట పసిబిడ్డను తొట్టెలో వేయు వేడుక జరిగినది. బిడ్డకు తళతళలాడు గౌను తొడిగిరి. ఆ గౌను మా దుకాణమునుండి పోయినదే. గంటసేపు బిడ్డ గుక్కపట్టి ఏడ్చినది. పాలిచ్చిరి, విసరిరి, దిష్టి తీసిరి, ఏడుపు మానలేదు. చివరకు మా తల్లిగారు లేచి, "బిడ్డా, ఆ గౌను విప్పి మీ మామ పాత ధోవతి తెమ్ము" అని కోడలితో చెప్పిరి. విప్పి చూడగా మెడ చుట్టును, చంకల క్రిందను చెమట పొక్కులు ఎఱ్ఱగా లేచియుండెను. పాత ధోవతి పొత్తిళ్ళలో చుట్టిన కొంతసేపటికి బిడ్డ నిదురపోయినది. మా తల్లిగారు మమ్ము ఏమియు అనలేదు. అయినను ఆ గౌను అమ్మినవారము మేమే గదా యని మాకు సిగ్గు కలిగినది.

ఇందులో మర్మ మేమియు లేదు. వేడిలో శరీరము చెమట పోసి, ఆ చెమట ఆరునప్పుడు చల్లబడును. గుడ్డ ఆ చెమటను పీల్చుకొని గాలికి వదలినచో ఒడలికి హాయి. పీల్చుకొనక చర్మముపైననే నిలిపినచో ఉక్క, దురద, పొక్కులు. గాలిలో తేమ నూటికి 65 పాళ్ళుండగా 100 గ్రాముల పొడి నూలు సుమారు 8½ గ్రాముల నీటిని తనలో ఇముడ్చుకొనును. పట్టు 11 గ్రాములు, ఉన్ని 16 గ్రాముల వరకు పట్టును. పాలియెస్టరు అర గ్రామైనను పట్టదు. ఆటగాండ్రు ధరించు పాలియెస్టరు బనీనులు చెమటను త్వరగా ఆర్చునని కొందరు చెప్పుదురు. అది నిజమే, కాని అవి అందుకొరకే ప్రత్యేకముగా సన్నని జాలిగా అల్లినవి. బజారులో చౌకగా దొరకు దట్టపు నేతచీరకు, మెరయు దుప్పటికి ఆ గుణము రాదు.

పాలియెస్టరు నూలును 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డ్, డిక్సన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. 1960, 70 దశకములలో టెరిలిన్ చొక్కా, నైలాన్ చీర మన దేశమున గౌరవచిహ్నము లైనవి. మన పెద్దలు వానిని పెట్టెలలో దాచుకొని పెండ్లిండ్లకు కట్టిరి. గంజి పెట్టనక్కరలేదు, ఇస్త్రీ చేయనక్కరలేదు, చిరుగదు. దినమంతయు గనిలో పనిచేసి వచ్చు కుటుంబములకు ఆ సౌకర్యము చిన్నది కాదు. నాడు వారు కొన్నది తప్పని మేమనము. అయితే నాటి గౌరవవస్త్రము నేడు మన ఇండ్ల పసిపిల్లలకు, వృద్ధులకు, పరుపులకు, దిండ్లకు కూడ ఎక్కినది. అదియే మా విచారము.

మనమెవరమో ఒకసారి తలచుకొందము. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియైన పిదప కరీంనగరము, వరంగల్లు, ఆదిలాబాదు ప్రాంతములనుండి మనవారు పెక్కుమంది ఈ వైపునకు వచ్చిరి. వార్ధా నది ఆవలి రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిదే. వచ్చినవారిలో నేతపని చేతనున్న కుటుంబములును కలవు. గనులలో, కాగితపు మిల్లులో కూలి దొరకగా మగ్గము మూలబడినది. ఒకనాడు గుడ్డను వ్రేళ్ళతో నలిపి నూలు సంఖ్య చెప్పగలిగినవారి మనుమలము, నేడు దుకాణదారుడు "ప్యూర్ కాటన్" అనిన మాటను నమ్మి డబ్బు చెల్లించి వచ్చుచున్నాము.

కనుక గుడ్డను పరీక్షించు పద్ధతి చెప్పెదము. అంచునుండి నిలువుపోగు ఒకటి, అడ్డపోగు ఒకటి తీయుడు. పటకారుతో పట్టి, నీటిపళ్ళెముపైన దీపమునకు చూపుడు. ఈ పని పెద్దలు చేయవలయును, పిల్లలకు అప్పగింపరాదు. నూలు పోగు కాగితము కాలినట్లు కాలి మెత్తని బూడిదయగును. పట్టు, ఉన్ని వెంట్రుక కాలిన వాసన కొట్టును. పాలియెస్టరు ముడుచుకొని కరగి, చల్లారిన పిదప గట్టి పూసవలె నిలుచును. బూడిదయు పూసయు రెండును కనబడినచో అది మిశ్రమము. రేయాన్ కూడ నూలువలెనే కాలును. కనుక దాని పోగును తడిపి లాగిచూడవలయును. తడిసిన రేయాన్ బలము చాలవరకు కోల్పోయి తేలికగా తెగును. నూలు తడిసినను తెగదు.

ఇటీవల "వెదురు గుడ్డ" అను పేర దుప్పట్లు, తువాళ్ళు వచ్చుచున్నవి. వెదురడవులున్న జిల్లావారము గనుక మనకు ఆ పేరు ఇంపుగా నుండును. కాని అందలి అధికభాగము వెదురును క్షారములో, కార్బన్ డైసల్ఫైడులో కరగించి తీసిన రేయానే. అది మెత్తగా నుండును, చెమటయు పీల్చును. ఒంటికి చెడ్డది కాదు. అయితే అడవిలోని వెదురు నేరుగా గుడ్డయైనదనుకొని రెట్టింపు వెల యిచ్చుట మాత్రము అమాయకత్వము. అట్లే చేమగ్గపు ముద్ర, అనగా 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్కు, చేతినేతయని తెలుపునే గాని నూలని తెలుపదు. పట్టునకు 2004నుండి సిల్క్ మార్కు వేరుగా కలదు. ముద్ర చూచుట మంచిదే; ఆ ముద్ర దేనికి హామీయో తెలిసికొనుట అంతకంటె మంచిది.

ఇక పడక మాట. నిదురలో మనము ఆరేడు గంటలు ఒకే గుడ్డపై ఒత్తిగిలి యుందుము. దుప్పటి, దిండు గలీబు, పరుపుపై పరచునది, ఈ మూడును నూలువైయుండుట వేసవిలో మిక్కిలి అవసరము. మన బంధువులు వేలకొలది యున్న షోలాపురపు నూలు చద్దరు ఏండ్ల తరబడి మన్నును, ఉతికినకొలది మెత్తబడును. దిండునకు బూరుగుదూది తేలిక, చల్లన. పాత పరుపు గట్టిపడినప్పుడు పారవేయక దూదేకులవారిని పిలిచి ఏకించినచో అది క్రొత్తదానివలె నగును. వారికిని పని దొరకును. అయితే దూదిపరుపులోను దుమ్ము, కంటికి కనబడని పురుగులు చేరును. దగ్గు, ఉబ్బసము ఉన్న ఇండ్లలో ఇది మరువరాదు. మన ఎండను ఇందుకే వాడుకొనవలయును. పరుపును తరచుగా డాబాపై రెండువైపుల ఎండబెట్టి, కొట్టి దులుపవలయును. పక్కబట్టలను వారమున కొకసారి 60 డిగ్రీల వేడినీట ఉతుకవలయును. నూలు ఆ వేడిని తాళును.

వంటింటి సంగతి కూడ చెప్పవలసియున్నది. నూలు చీరయు నిప్పంటుకొనును. పలుచనిదైనచో త్వరగానే అంటుకొనును. కాని నైలాను, పాలియెస్టరు కరగి చర్మమున కంటుకొని గాయమును లోతు చేయును. ఆడవారు పొయ్యివద్ద కొంగు బిగించి, నూలు చీరతోనో, నూలు దుస్తులతోనో పనిచేయుట మేలు.

నూలు బట్ట సర్వరోగనివారిణి యని మాత్రము మేము చెప్పము. తామరవంటి చర్మవ్యాధి పట్టినవారు బట్ట మార్చినంత మాత్రమున బాగుపడరు. బిగుతైన బట్టలలో చెమట నిలిచినచో అది హెచ్చును. గాలియాడు బట్టలలో వైద్యమునకు సాయము కలుగును, అంతే. మందులషాపులో ఎవరో చెప్పిన మలాము తెచ్చి పూయరాదు. అందు స్టెరాయిడు కలిసినవి తామరను మొదట అణచినట్లు చూపి, పిదప మొండిగా చేయును. వైద్యునికి చూపుటయే మార్గము.

దీనికి రాగల ఆక్షేపణలు మాకు తెలియును. నూలు వెల ఎక్కువ. వానకాలమున ఆరదు. ముడుతలు పడును, రంగు దిగును. ఇవి నిజములే. దుకాణమునకు వచ్చిన కూలిజనుల చేతిలోని నోట్లను చూచినవారము గనుక వానిని కొట్టివేయలేము. అందుచేత అన్నియు ఒక్కసారి మార్చుడని మేమనము. ఒక వరుస పెట్టుకొనుడు. మొదట పసిబిడ్డల బట్టలు. వీనికి డబ్బు కూడ అక్కరలేదు, పాత ధోవతి, పాత నూలు చీర చాలును. రెండవది లోబట్టలు, బనీనులు, లంగాలు. మూడవది పక్కబట్టలు. నాలుగవది ముసలివారి చీరలు, పంచెలు. చివరకు బయటికి కట్టు బట్టలు. వానకాలమున పాలియెస్టరు గొడుగు, మీది కోటు ఉండనిండు. వాని చోటు అదియే.

ఇప్పుడు అసలు మనవి. మన ఇండ్లలో పెండ్లికి, సీమంతమునకు, గృహప్రవేశమునకు బట్టలు పెట్టు ఆచారము కలదు. అందుకొరకు కట్టలు కట్టలుగా కొను చౌకచీరలకు అంగళ్ళలో "పెట్టుబడి చీరలు" అనియే పేరు. వానిని కట్టువారు లేరు. ఇచ్చినవారు కట్టరు, పుచ్చుకొన్నవారు కట్టరు. ఒక పెండ్లినుండి మరొక పెండ్లికి ప్రయాణము చేయుచుండును. మేమే అమ్మిన చీర నాలుగిండ్లు తిరిగి మా ఇంటికే వచ్చుట చూచితిమి. ఆ కట్టలలో లాభము మాకున్నది. అయినను చెప్పుచున్నాము, ఇది ఎవరికిని మేలుచేయు ఖర్చు కాదు. పది పాలియెస్టరు చీరల డబ్బుతో నాలుగు నూలు చీరలు దగ్గరివారికి పెట్టి, తక్కినవారికి మంచి నూలు తువాలో, రవికగుడ్డయో పెట్టినచో మర్యాదకు లోపము రాదు. పుచ్చుకొన్నవారు వాడుకొందురు.

నూలు ఎక్కడ దొరకునని అడుగవలసిన పనిలేదు. విదర్భ పత్తిసీమ. మన జిల్లాలోని సావలీలో 1936లో గాంధీ సేవాసంఘ సమావేశము జరిగినప్పుడు గాంధీమహాత్ముడు స్వయముగా వచ్చిరి. వరోరా చెంత బాబా ఆమ్టే 1949లో నెలకొల్పిన ఆనందవనమున రోగవిముక్తులు మగ్గముపై నేయుచు వచ్చిరి. నాగభీడు వైపు కోసా యని, గోదావరి కావలి మహాదేవపురమున దసలిపట్టని పిలుచు అడవిపట్టు ఒకటే. శుభకార్యమున మెరపు కావలసినవారికి అదియున్నది.

సిరిసిల్లలోని మనవారి మాట కూడ మరువరాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ చీరల పనిని అచ్చటి మరమగ్గములకు ఇచ్చినప్పుడు అవియు పాలియెస్టరుతోనే నేయబడినవి. ఆ మగ్గములు పాలియెస్టరు నేయుట నేతగాని ఇష్టము కాదు. కొనువాడు అడిగినదే నేయును. కనుక నేతవారిని నిందించుట కంటె నూలును అడిగి కొనుట మన పని.

వర్తకులుగా మా వంతు మేము చేసెదము. ఇకమీదట మా దుకాణమున ప్రతి రసీదుపై నూలో, మిశ్రమమో, పాలియెస్టరో స్పష్టముగా వ్రాసి యిచ్చెదము. తప్పని తేలినచో సరకు తీసికొని డబ్బు తిరిగి యిచ్చెదము. ఊరిలోని తక్కిన తెలుగు వర్తకులును ఇట్లే చేయవలయునని కోరుచున్నాము. సంఘము పక్షమున బీదవిద్యార్థులకు, వృద్ధులకు ఇచ్చు దుప్పట్లు ఈ సంవత్సరమునుండి నూలువే కొనవలయునని రాబోవు సభలో ప్రతిపాదించెదము. సంఖ్య కొంత తగ్గవచ్చును. ఎక్కువమందికి ఉక్కపోయు దుప్పటి ఇచ్చుటయా, కొందరికి నిదురపట్టు దుప్పటి ఇచ్చుటయా యను ప్రశ్న అప్పుడు వచ్చును. దానికి చందా హెచ్చించి అందరికిని మంచిదే ఇచ్చుట మూడవ మార్గము. సభ్యులు సభకు వచ్చి తమ అభిప్రాయము చెప్పవలయునని మా ప్రార్థన.