ఇంటిపేరు ముందా, వెనుకా?

విమానం టిక్కెట్టులో పేరు తప్పుగా పడితే ఎదుటివారు మొదట అనే మాట "చూసుకోవద్దూ!" అని. ఆ తీర్పుతో నాకు పేచీ ఉన్నది. తేదీ తప్పు వేయడం అజాగ్రత్త కావచ్చు. అర్ధరాత్రి దాటాక 12.30కి బయలుదేరే విమానానికి ఒక రోజు ఆలస్యంగా చేరుకోవడమూ అజాగ్రత్తే కావచ్చు. కాని తెలుగువారి పేరు టిక్కెట్టులో తలకిందులు కావడానికి మూలం మరొకచోట ఉన్నది.

మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర. అందుకే దానిని 'లాస్ట్ నేమ్' అన్నారు. సత్యనారాయణ మూర్తి అనే పెద్దాయన తన పేరులోని చివరి మాట చూసుకొని ఆ గడిలో 'మూర్తి' అని నింపితే, అడిగిన దానికి సరైన జవాబే చెప్పినట్టు. పాస్‌పోర్టులో మాత్రం అక్కడ ఇంటిపేరు ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులలో ఇంటిపేరు గడి ఖాళీ. అటువంటివారి పేరు మొత్తాన్ని అమెరికా వీసాలో ఇంటిపేరు చోట వేసి, సొంత పేరు చోట 'ఎఫ్.ఎన్.యు.' అని, అంటే 'పేరు తెలియదు' అని వ్రాస్తారు. బారసాల చేసి పెట్టిన పేరు చివరికి తెలియనిదైపోయింది! 2022 నవంబరులో యు.ఎ.ఇ. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారికి సందర్శక వీసాపై ప్రవేశం లేదన్నది. రెండవ పుటలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలునని తరువాత సడలించింది.

ఇక దిద్దుబాటు సంగతి. బుక్ చేసిన 24 గంటలలోగా తప్పు చూపితే రుసుము లేకుండా పేరు సరిచేయాలని 2019 నాటి మన ప్రయాణికుల హక్కుల పత్రం చెప్పింది. 2025 నవంబరులో పౌర విమానయాన డైరెక్టరేట్ వెలువరించిన ముసాయిదాలో దానికొక షరతు ఉన్నది: టిక్కెట్టు విమాన సంస్థ సొంత సైటులో నేరుగా కొని ఉండాలి. కూతురి పురుటికి తొలిసారి విమానమెక్కే తల్లి ఏజెంటు దగ్గర కొంటుంది. తప్పు బయటపడేది పెట్టెలు సర్దేటప్పుడు. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే ఆ వెసులుబాటు అందదు. విచిత్రమేమంటే, ఏజెంటు ద్వారా కొన్న టిక్కెట్టుకు కూడా డబ్బు వాపసు బాధ్యత విమాన సంస్థదేనని, ఏజెంటు ఆ సంస్థ ప్రతినిధేనని అదే ముసాయిదా అన్నది. డబ్బు విషయంలో ప్రతినిధి అయినవాడు పేరు విషయంలో పరాయివాడు ఎలా అవుతాడు?

పేర్లు మార్చనిస్తే చౌకగా కొని ఎక్కువ ధరకు అమ్ముకుంటారన్నది సంస్థల వాదన. సబబైన వాదనే. కాని పేరు దిద్దడం వేరు, మనిషిని మార్చడం వేరు. పాస్‌పోర్టు సంఖ్య, పుట్టిన తేదీ మారనప్పుడు ఆ టిక్కెట్టుపై వేరొకరు ఎక్కలేరు. కనుక ఎక్కడ కొన్నా, ప్రయాణానికి ముందురోజు వరకూ అటువంటి దిద్దుబాటు ఉచితంగా జరగాలని నా అభిప్రాయం. ఇతర సంస్థల విమానాలు కలిసిన టిక్కెట్టును తిరిగి జారీ చేయవలసి వస్తే ఆ పని ఖర్చు తీసుకోవచ్చు. కొత్త టిక్కెట్టు వెల కాదు.

అందాకా మనం చేయగలిగినది కొంత ఉన్నది. పాస్‌పోర్టు పుట అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. మొదటి వరుసలో దేశపు మూడక్షరాల తరువాత, జంట బాణపు గుర్తులకు ముందున్నది ఇంటిపేరు; వాటి తరువాతది సొంత పేరు. టిక్కెట్టులో అలాగే నింపాలి. పేరులోని మాటలు కలిసిపోయి, చివర 'మిస్టర్' అతుక్కొని కనిపిస్తే అది తప్పు కాదు, వారి అచ్చు పద్ధతి. నిజంగానే తప్పు పడితే తొందరపడి రద్దు చేయకండి. ముందు దిద్దుబాటు అడగండి, అదీ వ్రాతపూర్వకంగా, గంట నిమిషాలతో సహా.

తరతరాలుగా ముందు నడిచిన ఇంటిపేరును గడి కోసం వెనక్కి పంపుతున్నాము. అంత సర్దుకున్నవారి మీద పైగా జరిమానా కూడానా?