విందు మరునాటి కాలువగట్టు

కోతపండుగ విందు ముగిసిన మరునాడు దేవాలయము వెనుకనున్న కాలువగట్టును చూచితిరా? అంతయు ప్లాస్టిక్ పళ్లెములే! ఎంగిలి వాసనకు వచ్చిన గేదె వాటిని నమలుచున్నది. దాని కడుపులో అవి అరుగవు. ఆ గేదె పాలమ్మి బిడ్డలను పోషించు విధవరాలు మన సంఘములోనిదే కాదా?

ఇట్టి పళ్లెములను 2022 జూలై 1 నుండి ప్రభుత్వము నిషేధించినది. మనమో, “కడుగువారెవరు?” అనుచున్నాము. (ఇట్లను పురుషులు ఏనాడును కడిగినవారు కారు.) ప్రభువు 5,000 మందికి పెట్టిన పిమ్మట మిగిలిన ముక్కలను 12 గంపల కెత్తించెను, మనము చెత్తను విడిచి వచ్చుచున్నాము.

మన్యపు స్త్రీలు కుట్టు అడ్డాకు విస్తళ్లు తెండు. తిన్న తరువాత పెంటలో వేసిన ఎరువగును. అవి దొరకనిచో ఎవరి స్టీలు పళ్లెము వారు తెచ్చుకొనుడి. వండిన గుండిగలు కడుగుటలో మొదటి వంతు సంఘపెద్దలది.