గీసేవాళ్ళు రాయకూడదా?

"ఏం వదినా, అంత డబ్బు పోసి డిజైనింగు చదివించింది కాగితాల మీద కథలు రాసుకోడానికా?"

శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చిన మా ఆడపడుచు నలుగురి ముందూ అడిగేసింది. విషయమేమిటంటే, మా అమ్మాయి హైదరాబాదులో బట్టల కంపెనీలో చేస్తున్న డిజైనరు ఉద్యోగం మానేసి, డిజైన్ల గురించి, చేతిపనుల గురించి వ్యాసాలు వేసే ఒక పత్రికలో సబ్ ఎడిటరుగా చేరింది. జీతం సగానికి సగం తగ్గింది. జీవితమంతా ఇదే పని చేస్తానంటోంది. నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే నేనూ మా ఆడపడుచులాగే మాట్లాడాను. రెండు రోజులు ఫోను కూడా చేయలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెబుతాను, ఆపైన మీరే ఆలోచించండి.

నందిగామలో ఇరవై ఎనిమిదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మగ్గం వర్కు ఫ్యాషనయ్యాక డిజైన్లు గీయడం కూడా మొదలుపెట్టాను. ట్రేసింగు పేపరు మీద గీసి, గీత వెంబడే సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన జింకు పొడిని దూదితో రుద్దితే డిజైను దిగుతుంది. ఇలా ఎన్ని వందలు గీశానో లెక్క లేదు. జగ్గయ్యపేట నుంచీ, కంచికచర్ల నుంచీ కూడా పెళ్ళిళ్ళకి వచ్చి గీయించుకుపోతారు. ఒకసారి బెజవాడలో డిజైన్ల పుస్తకమొకటి కొంటే అందులో నా నెమలి కనిపించింది! మెడ వంపు దగ్గర నేను పొరపాటున వేసిన అదనపు ఈకతో సహా. కింద ఇంకెవరిదో పేరు. ఎవరితో చెప్పుకోను? నాదని చూపించడానికి నా దగ్గర చిల్లులు పడ్డ కాగితం తప్ప తేదీ లేదు, అక్షరం లేదు.

ఈ గోడు వెళ్ళబోసుకుంటే మా అమ్మాయి పింగళి వెంకయ్యగారి సంగతెత్తింది. జెండా వెంకయ్యగారు మనకి కొత్తేం కాదు, మా ప్రాంతానికి అసలే కాదు. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న నడిగూడెం మునగాల పరగణాలోది. ఆ పరగణా 1959లో నల్గొండలో కలిసేదాకా కృష్ణా జిల్లాలోనే, ఒకప్పుడు మా నందిగామ తాలూకా కిందే ఉండేది. అక్కడ మునగాల రాజావారి దగ్గరుండి పత్తి మీద పరిశోధనలు చేశారు కాబట్టి ఆయన్ని 'పత్తి వెంకయ్య' అని కూడా అనేవారు. ఇదంతా నాకు తెలుసు. తెలియనిదల్లా, ఆయన 1916లోనే జెండాల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశారన్న సంగతి. ఇతర దేశాల జెండాల వివరాలు, మన దేశానికి తగినవని తాను గీసిన ముప్ఫయి నమూనాలు అందులో ఉన్నాయి.

ఆ ముప్ఫయిలో ఒక్కటీ ఉన్నదున్నట్టు జాతీయ జెండా కాలేదు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు గాంధీగారు అడిగితే ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో వెంకయ్యగారు జెండా గీసిచ్చారు. రాట్నం ఆలోచన జలంధరుకు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. తెలుపు తర్వాత గాంధీగారు చేర్పించారు. ఈ కథంతా ఇంత స్పష్టంగా ఎలా తెలిసింది? ఆ ఏప్రిల్లోనే 'యంగ్ ఇండియా'లో గాంధీగారు రాశారు కాబట్టి. బందరు జాతీయ కళాశాల వెంకయ్యగారి పేరూ, పుస్తకం సంగతీ చెప్పి, ఆ పాత నమూనాలేవీ దేశాన్ని కదిలించేవిగా తనకి అనిపించలేదని కూడా దాచకుండా రాశారు. చూశారా, ఎవరి వాటా ఎంతో రాతలో తేలిపోయింది. నా నెమలికి ఆ భాగ్యం లేదు.

అదే జెండా విషయంలో ఇంకో మాట. 1947లో రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది కదా. ఆ పనిలో తన తల్లి సురయ్యా త్యాబ్జీ చెయ్యి ఉందనీ, మొదటి జెండాను దర్జీ దుకాణంలో ఆవిడే దగ్గరుండి కుట్టించారనీ కూతురు లైలా త్యాబ్జీ రాశారు. దీని మీద వాదాలున్నాయి, ఉండనివ్వండి. దర్జీపని చేసే నాకు ఆ కుట్టించిన ముక్క దగ్గరే మనసు ఆగిపోయింది. కూతురు రాయకపోతే ఆ మాట వంటింటి కబురుగానే పోయేది. ఆ లైలాగారూ డిజైనరే. బరోడాలో, జపానులో నేర్చుకుని, 1981లో మరో అయిదుగురు స్త్రీలతో కలిసి చేతిపనివాళ్ళ కోసం దస్త్‌కార్ సంస్థ పెట్టారు. ఒకపక్క డిజైన్లు చేస్తూనే కుట్టుపని వాళ్ళ గురించి, నేతగాళ్ళ గురించి దశాబ్దాల పాటు రాస్తూ వచ్చారు. 2012లో పద్మశ్రీ ఇచ్చారు.

"జాకెట్టు గురించి రాయడానికేముంటుందే?" అన్నాను అమ్మాయితో. చెంబు కథ చెప్పింది. మన ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి చార్లెస్ ఈమ్స్, ఆయన భార్య రే వచ్చి దేశమంతా తిరిగి 1958లో నివేదిక ఇచ్చారట. ఇక్కడ చూసిన వస్తువులన్నిటిలో వాళ్ళు ఎక్కువగా మెచ్చుకున్నది మన చెంబును! నీళ్ళెన్ని పడతాయి, చంకన ఎలా కూర్చుంటుంది, వంచితే ధార ఎలా పడుతుంది, లోపల తోమడానికి చెయ్యి పడుతుందా అని ఎన్నో ప్రశ్నలు. ఆ నివేదిక తర్వాతే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. రోజూ చింతపండుతో తోమే చెంబు గురించి మనకి ఒక్క ప్రశ్నా తట్టలేదంటే నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది.

మా ఆడపడుచు మాటలో నిజం లేదని నేననను. పుస్తకం వేసిన వెంకయ్యగారు 1963లో బెజవాడలో పేదరికంలోనే పోయారు. రాత కూడు పెడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అమ్మాయి ఇంటద్దె కట్టలేని నెల నేనే పంపాల్సి రావచ్చు. పంపుతాను. కొడుకు వ్యాపారంలో నష్టపోతే సర్దమా ఏమిటి?

పోయిన ఆదివారం వచ్చి నా పని గురించి రాస్తానని కూర్చుంది. "అమ్మా, కిరసనాయిల్లో జింకు ఎంత?" అంది.

"చిటికెడు."

"చిటికెడంటే ఎంత?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. పక్కనున్న కంసాలి కొట్టుకి తీసుకెళ్ళి నా చేత చిటికెడు తీయించి తూయించింది. మూడుసార్లు తూస్తే మూడు రకాలుగా వచ్చింది. మూడూ రాసుకుంది.